ఓడినవాడి తొడ చప్పుడు

కాలేజీవాళ్ళు పెట్టిన సంతాపసభలో ఆయనను శాంతమూర్తి అన్నారు. వినయశీలి అన్నారు. ఒకరికి ఎదురు చెప్పి ఎరుగడనీ, ఉన్నన్నాళ్ళూ కాలేజీ మాట జవదాటలేదనీ కమిటీ పెద్ద ఒకాయన గొంతు తడి చేసుకుని మరీ చెప్పాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, తెలుసు. అయినా ఇంత అబద్ధమా? నాకు ఒళ్ళు మండి మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాను.

వచ్చే ముందు వేదిక మీది ఫోటో ఒకసారి చూశాను. దండ వేసిన ఆ ఫోటోలో ఆయన కొంచెం పక్కకు తిరిగి ఉన్నాడు. నలిగిన కుడిచెవి సరిగ్గా ఉపన్యాసం చెప్పేవాళ్ళ వైపే ఉంది. అది చూశాక నా మనసు కాస్త నెమ్మదించింది.

ఆ చెవి సంగతి తెలియకపోతే ఆయన సంగతి ఏమీ తెలియనట్టే. కుస్తీ పట్టేవాళ్ళ చెవులు మట్టికీ, ఎదుటివాడి తలకీ రాసుకుని రాసుకుని నలిగి గట్టిపడిపోతాయి. ఆయన కుడిచెవి ఎండిన అంజూరపండు మాదిరి ముడుచుకుపోయి ఉండేది. ఎవరైనా తనకు నచ్చని మాట మొదలుపెడితే మెల్లగా తల తిప్పి ఆ చెవిని వాళ్ళకు అప్పగించేవాడు. "ఈ చెవి పోయిందప్పా, పెనుకొండ జాతరలో" అనేవాడు. నిజానికి ఆయనవి పాముచెవులు. కుస్తీ గుంత అవతలి గట్టు మీద కూర్చుని మేము గుసగుసలాడుకున్నది కూడా ఆ నలిగిన చెవికి వినపడేది. ప్రిన్సిపాలుగారి మాట మాత్రం ఎన్నడూ వినపడలేదు.

అరవైల్లో హిందూపురంలో మేము చదివిన కాలేజీలో ఆయన కుస్తీ నేర్పేవాడు. కుస్తీ నేర్పే గురువును వస్తాదు అంటారు కాబట్టి ఊరందరికీ ఆయన వస్తాదే, మాకూ వస్తాదే. పేరు రాయడం లేదు. పేరు పెట్టి పిలిస్తే ఆయనకు గిట్టేది కాదు. "పేరు పోస్టుమ్యానుకు కావాల. నీకెంటికబ్బా?" అనేవాడు.

పుట్టింది ధర్మవరంలో, పట్టుచీరలు నేసే ఇంట్లో. "మా నాయన నన్ను మగ్గం గుంతలో కూర్చోబెట్టినాడు. నేను లేచి కుస్తీ గుంతలోకి దూకినా. ఎట్లయినా గుంత తప్పలేదు" అని నవ్వేవాడు. యాభైల్లో జాతరల్లో తాను పట్టిన కుస్తీల గురించి ఆయన చెబుతుంటే మనం వినాల్సిందే, మధ్యలో లేవడానికి లేదు. "నా ఎదురుగా నిలబడినోడు ఆకాశం చూడకుండా ఇంటికి పోలేదు" అనేవాడు. అంటే వెల్లకిలా పడకుండా పోలేదని. గొప్పలు చెప్పుకోవడంలో మొహమాటమనేది ఆ మనిషికి లేనే లేదు. ఆయనను పట్టుకుని వినయశీలి అంటారు.

మనిషి కనబడితే ఆయన ముఖం చూసేవాడు కాదు, మెడ చూసేవాడు. చూసి ఊరుకోడు, వెనకనుంచి వచ్చి పట్టుకునేవాడు. నేను కాలేజీలో చేరిన కొత్తలో వరండాలో పోతుంటే నా మెడ మీద ఇనుపకొక్కెం లాంటి చేయి పడింది.

"ఎవరి పిల్లోనివప్పా?"

ఊళ్ళో మాకు బెల్లం మండీ ఉంది. మా నాయన పేరు చెప్పాను.

"బెల్లం మండీలో పుట్టి ఈ మెడేందబ్బా, కొత్తిమీర కాడ మాదిరి? రేపు పొద్దున్నే గుంతకాడికి రా."

"మా నాయన ఒప్పుకోడు సార్."

కుడిచెవి నా వైపు తిరిగింది.

మా నాయన నిజంగానే ఒప్పుకోలేదు. "ముందు తక్కెడ పట్టుకునేది నేర్చుకో, తర్వాత మనుషుల్ని పట్టుకుందువు గానీ" అన్నాడు. వస్తాదు మండీకే వచ్చాడు. గిరాకీల ముందరే మా నాయన మెడ పట్టుకుని అటూ ఇటూ ఊపి, "భలే మెడ సెట్టీ నీది. నీకే నేర్పాల్సింది, ఆలస్యమైపాయ" అన్నాడు. ఆ తర్వాత మా నాయన అడ్డు చెప్పలేదు. నాయన దొంగతనంగా అద్దంలో మెడ చూసుకోవడం మాత్రం మా అమ్మ కనిపెట్టింది.

కాలేజీ వెనకవైపు, గోడ పక్కన ఉండేది మా గుంత. ఎర్రమట్టి జల్లెడ పట్టి, మజ్జిగ, పసుపు, నువ్వులనూనె కలిపి మేమే తొక్కేవాళ్ళం. అందులో దిగేటప్పుడు ఒక ఆచారం ఉంది. ఇద్దరూ చేతులు కలిపాక, వంగి గుప్పెడు మట్టి తీసుకుని ఎదుటివాడి భుజాల మీద, ఛాతీ మీద వేసి రుద్దాలి. అది అయ్యేదాకా ఎవరూ ఎవరి మీదా చేయి వేయకూడదు. చెమటకు ఒళ్ళు జారుతుంది కదా, మట్టి ఉంటే పట్టు దొరుకుతుంది. "నీకు పట్టు దొరకాలని నేను కదలకుండా నిలబడి మట్టి వేయించుకుంటాను చూడు, అది మాట ఇచ్చినట్టు. నేను జారిపోను, పట్టుకో అని" అని వస్తాదు చెప్పేవాడు. ఈ ఒక్క విషయం చెప్పేటప్పుడే ఆయన గొంతులో గొప్పలు ఉండేవి కావు.

ఆయనది ఇంకో పద్ధతి ఉంది. అది ఇంకే గుంతలోనూ లేదు. కుస్తీకి దిగేవాడు తొడ చరిచి దిగుతాడు, గెలిచినవాడు చరుస్తాడు. ఇది లోకమంతా ఉన్నదే. మా వస్తాదు రెండూ నిషేధించాడు. తొడ చరిచే హక్కు ఓడినవాడొక్కడిదే. మట్టి కరిచినవాడు వీపు దులుపుకోకుండా లేచి, నిలబడి, తొడ చరవాలి. ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు, అడిగితే చెవి తిప్పేవాడు.

నాతో పాటు గుంతలో దిగేవాళ్ళలో, చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఓబులేసు అని ఒకడుండేవాడు. రైతుబిడ్డ, మాటలు తక్కువ, మెడ ఎక్కువ. మాలో అందరికన్నా గట్టివాడు వాడే. ఆ ఏడు కాలేజీలకూ కాలేజీలకూ మధ్య జరిగే పోటీలకు మొదటిసారి మమ్మల్ని పంపారు. అక్కడ కుస్తీ మట్టిలో కాదు, పరుపు మీద. మేము పరుపును చూడటం అదే మొదలు.

ఓబులేసు ఎక్కాడు. ఎదుటివాడితో చేయి కలిపాడు. విజిల్ మోగింది. మావాడు అలవాటు చొప్పున వంగి, మట్టి కోసం పరుపు మీద చేయి పెట్టాడు. అవతలివాడు వంగిన మెడ మీదకు దూకి, తిప్పి వెల్లకిలా పడేశాడు. రెండు భుజాలూ పరుపుకు ఆనాయి. మళ్ళీ విజిల్. అంతే, అయిపోయింది.

ఓబులేసు పడుకునే రెఫరీ వైపు చూసి, "నేనింగా మట్టి వేయలేదు గదా సార్" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. పరుపు మీద మట్టి వెతికిన మొనగాడంటూ ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. వస్తాదు మాత్రం ఉత్తకాళ్ళతో పరుపు దగ్గరికి నడిచి వెళ్ళి, "ల్యాయి. తొడ కొట్టు" అన్నాడు.

"ఓడిపోతి గదా వస్తాదూ" అన్నాడు ఓబులేసు. కళ్ళల్లో నీళ్ళు.

"దానికే కొట్టమంటాండా."

ఓబులేసు లేచి తొడ చరిచాడు. నవ్వులు రెట్టింపయ్యాయి. "ఇంగోసారి" అన్నాడు వస్తాదు. వాడు మళ్ళీ చరిచాడు, ఈసారి తల ఎత్తి. అప్పుడు హాల్లో ఒకవైపు నవ్వు ఆగింది. రెండోవైపు కూడా ఆగే దాకా వస్తాదు అక్కడే నిలబడి వాళ్ళను ఒక్కొక్కరినీ చూస్తూ ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ధర్మవరం జంక్షన్లో బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద ఉడకబెట్టిన చెనిక్కాయలు కొనిచ్చి, మేము అడగకుండానే చెప్పాడు. "గెల్చినోడు తొడ కొడితే అది సంబరం. దిగేముందు కొడితే అది బడాయి. ఓడినోడు కొడితే, నేను ఇంగా ఈడనే ఉండా అని. ఆ మాట చెప్పేదానికి మనిషికి గుండె ఉండాల." తర్వాత బండి వచ్చేదాకా చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు.

మరుసటి రోజు ప్రిన్సిపాలుగారు ఆయనను పిలిపించారు. నేనూ ఓబులేసూ వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాం.

"మట్టి కోసం వంగడం మాన్పించండి. ఓడిపోయి తొడ చరచడం అంతకన్నా సిగ్గుచేటు. అదీ మాన్పించండి. మన కాలేజీ నవ్వులపాలైంది. వచ్చే ఏడు కూడా ఇట్లాగే వస్తే కుస్తీ తీసేస్తాం. మీ ఉద్యోగమూ ఉండదు" అన్నారాయన.

వస్తాదు చెవి తిప్పాడు. కానీ ఆ రోజు చెవి తిప్పి ఊరుకోలేదు. "వంగేది మాన్పించను సార్. వంగినోని మీదికి దూకేటోణ్ణి ఏం చేయాల్నో నేర్పిస్తా" అన్నాడు. నమస్కారం పెట్టకుండా బయటికి వచ్చి, మా ఇద్దరి మెడలూ రెండు చేతులతో పట్టుకుని గుంత దాకా నడిపించుకుపోయాడు.

మాకు పరుపు కావాలి. కాలేజీ కొనివ్వదు. మా నాయన మండీలో పాత గోనెసంచులు ఇచ్చాడు. వాటిలో చెనిక్కాయ పొట్టు కూరి, కుట్టి, పైన పాత టార్పాలిన్ పరిచాం. పరుపు బ్రహ్మాండంగా కుదిరింది. ఒకటే తప్పు చేశాం. బెల్లం సంచులను ఉతకలేదు. మూడోపూటకల్లా ఊళ్ళోని చీమలన్నీ ఆ పరుపులోనే కాపురం పెట్టాయి. కిందపడినవాడు నిమిషం కూడా పడి ఉండలేక లేచేవాడు. మేము పట్లు వదిలేసి గోక్కుంటుంటే, "చీమ కుట్టిందని వదిలితే మనిషి కొట్టినప్పుడు ఏం చేస్తావబ్బా? సుమ్నే, నోరు మూసుకుని పట్టు" అనేవాడు. సంచులు మార్చమని అడిగితే చెవి తిప్పాడు. ఓడినవాడు త్వరగా లేవడానికి ఇంతకన్నా మంచి పరుపు లేదన్నాడు.

ఆదివారాలు పొద్దున బండికి పెనుకొండ తీసుకుపోయేవాడు. కోట ఉన్న ఆ కొండ ఎక్కాలి, ఉత్తగా కాదు, జతగాణ్ణి భుజాల మీద అడ్డంగా వేసుకుని. ఓబులేసు నన్ను మోసేవాడు. నేను వాణ్ణి మోసే వంతు వచ్చినప్పుడు ఏమయ్యేదో చెప్పను. పైకి ముందు చేరినవాళ్ళకు ఏమీ ఇచ్చేవాడు కాదు. చివర వచ్చిన జతకే ముందు ఉడకబెట్టిన ఉలవలు, బెల్లం పెట్టేవాడు. "ముందొచ్చినోనికి కొండ మీద గాలి ఉండాది, తాగనీ. కడాకు వచ్చినోడే ఎక్కువ కష్టపడినాడు" అనేవాడు. చివర వచ్చేవాణ్ణి నేనే కాబట్టి ఆ న్యాయం నాకు బాగా నచ్చింది.

కొండ దిగాక గుంతలో ఒకటే పాఠం. ఓబులేసు వంగాలి. మేము వాడి మెడ మీదకు దూకాలి. వాడు నేల మీది చేయి ఎత్తి, దూకినవాడి మోకాలి వెనక వేసి, కొండ ఎక్కేటప్పుడు నన్ను ఎత్తుకున్నట్టే భుజం మీదకు ఎత్తుకోవాలి. ఆ ఏడాదంతా నేను వాడి భుజం మీదనే బతికాను.

తర్వాతి ఏడు అదే హాలు, అదే పరుపు. ఓబులేసుకు ఎదురుగా మళ్ళీ ఆ పాతవాడే వచ్చాడు. ప్రిన్సిపాలుగారు కూడా వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నారు. విజిల్ మోగింది. మావాడు నిదానంగా వంగి పరుపు మీద చేయి పెట్టాడు. హాల్లో అప్పుడే నవ్వు మొదలైంది. అవతలివాడు నవ్వుతూనే దూకాడు. దూకినవాడు దూకినట్టే ఓబులేసు భుజాల మీద అడ్డంగా, గాల్లో కాళ్ళు కొట్టుకుంటూ కనిపించాడు. వాడికి హాలు కప్పు బాగా కనపడేలా నింపాదిగా పడుకోబెట్టాడు మావాడు. నేను కుర్చీ ఎక్కి అరిచాను, గొంతు పోయింది.

ఓబులేసు చేయి సంతోషంలో తొడ మీదకు పోయింది. వస్తాదు చూపుతోనే ఆపాడు. "గెల్చినోనికి ఆ పనిల్యా. పోయి చెయ్యి కలుపు."

తర్వాతి కుస్తీలో ఓబులేసు తనకన్నా పెద్దవాడి చేతిలో ఓడాడు. చాలాసేపు పట్టి ఓడాడు. లేచి, నిలబడి, తొడ చరిచాడు. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు. గెలిచినవాడే వచ్చి వాడి భుజం తట్టాడు. మా కాలేజీకి దక్కింది ఒకే ఒక్క గెలుపు. మాకు అది చాలు, ఇంగ గుంత నిలబడినట్టే అనుకున్నాం.

నిలబడలేదు. ఊరికి రాగానే తెలిసింది, గుంత ఉన్నచోట సైకిల్ స్టాండు కట్టాలని కమిటీ మేము పోకముందే తీర్మానించేసిందని. ఓడితే కుస్తీ తీసేస్తామన్న మాట ఉత్తదే. గెలిచినా తీసేసేవాళ్ళే. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. ప్రిన్సిపాలుగారు వస్తాదును పిలిపించి, "మీకేమీ అన్యాయం జరగదు. సైకిల్ స్టాండుకు కాపలాగా ఉండండి" అన్నారు. మేము మళ్ళీ కిటికీ పక్కనే ఉన్నాం.

ఈసారి వస్తాదు చెవి తిప్పలేదు. ఎదురుగానే చూశాడు. "నేను మనుషుల మెడలు పట్టుకునేటోణ్ణి సార్. సైకిళ్ళవి పట్టుకోను" అన్నాడు. "గుంత పూడ్చుకోండి. మీరే గెలిచినారు." అని, పంచె మోకాళ్ళ పైకి లాగి, ప్రిన్సిపాలు బల్ల ముందు నిలబడి తొడ చరిచాడు.

ఆ చప్పుడు ఎంత గట్టిదంటే, బయట గంట పక్కన కునుకు తీస్తున్న అటెండరు ఉలిక్కిపడి లేచి, టైము అయిందనుకుని గంట కొట్టేశాడు. కాలేజీ మొత్తం క్లాసుల్లోంచి బయటికి వచ్చింది. వస్తాదు మెట్లు దిగి ఆ పిల్లలందరి మధ్యనుంచి, దారిలో దొరికిన మెడనల్లా ఒకసారి పట్టి చూస్తూ, గేటు దాటి పోయాడు. ఇదీ కాలేజీ మాట జవదాటని మనిషి.

పెనుకొండ కొండ కింద ఒక రైతు చేను గట్టున కొంచెం జాగా ఇచ్చాడు. అక్కడ ఆయన గుంత తవ్వాడు. సోమందేపల్లి నుంచి కూడా పిల్లలు బస్సెక్కి వచ్చేవాళ్ళు. నేను మండీలో కూర్చునే రోజుల్లో ఒకసారి చూడబోతే, "కాలేజీ నన్ను తీసేసిందని చెప్పుకుంటాండారంట. నేనే కాలేజీని తీసేసినా" అన్నాడు. అన్నాక నా మెడ పట్టి చూసి, "కొవ్వు పట్టిందబ్బా" అని చీదరించుకున్నాడు. ఆయన చేయి నా మెడ మీద పడటం అదే ఆఖరు.

గుండెనొప్పితో ధర్మవరంలో సొంత ఇంట్లోనే పోయాడు. సంతాపసభకు ముందువారం, రైలు పట్టాల అవతల వాళ్ళ కులం శ్మశానంలో మట్టిలో పెట్టారు. పెనుకొండ పిల్లలు బస్సులో వచ్చారు. చెన్నేకొత్తపల్లిలో సేద్యం చేసుకుంటున్న ఓబులేసు, చేతుల బురద కూడా కడుక్కోకుండా వచ్చాడు. కాలేజీ కమిటీ నుంచి ఎవరూ రాలేదు.

గుంతలో దించాక ఒక్కొక్కరే వంగి గుప్పెడు మట్టి వేసి పక్కకు తప్పుకుంటున్నారు. ఓబులేసు వంతు వచ్చింది. వంగి మట్టి తీసుకున్నాడు. పెళ్ళలు లేకుండా రెండు అరచేతుల మధ్య బాగా నలిపాడు, కుస్తీ గుంతలో నలిపినట్టే. మోకాళ్ళ మీద కూర్చుని, చేయి కిందికి చాచి, ఆయన భుజాల మీద కొంచెం, ఛాతీ మీద కొంచెం వేశాడు. తర్వాత లేచి నిలబడి, తల ఎత్తి, తొడ చరిచాడు.

ఆడవాళ్ళ ఏడుపు టక్కున ఆగిపోయింది. కులపెద్ద ఒకాయన కోపంగా ముందుకు వచ్చాడు. "ఏమబ్బా, పీనుగ ముందర తొడ కొడతావా? బుద్ధి ఉండాదా నీకు?"

ఓబులేసు ముఖం మీద నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఓడిపోతిమి గదా పెద్దాయనా" అన్నాడు. "దానికే."

ఆ పెద్దాయన పక్కకు జరిగాడు. నేను ముందుకు పోయి, వంగి, గుప్పెడు మట్టి తీసుకున్నాను.